తిన్నాడు సరే, చేశాడు కూడా కదా!

(శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఇవాళ నేను చెప్పబోయే మనిషి పేరు మీలో చాలామంది విని ఉండరు. చార్లెస్ హాహీ. ఐర్లండ్‌కి మూడుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. ప్రధానమంత్రిని వాళ్ళు టీషక్ అంటారు. పేరు తెలియకపోయినా ఆయన చేసిన పనులు మీలో కొందరు కళ్ళారా చూసే ఉంటారు. డబ్లిన్‌లో మన పిల్లలు బాగానే ఉన్నారు, వాళ్ళ దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చిన అమ్మానాన్నలూ ఈ హాల్లో ఉన్నట్టున్నారు. లిఫీ నది ఒడ్డున వరసగా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల భవనాలు చూసే ఉంటారు. అదంతా ఒకప్పుడు పాడుబడ్డ రేవు. దాని రూపు మార్చే పని హాహీ ప్రభుత్వం 1987లో ఎత్తుకుంది. అక్కడ అరవై ఆరేళ్ళు నిండిన పెద్దవాళ్ళు బస్సుల్లో, రైళ్ళలో పైసా ఇవ్వకుండా తిరుగుతారు. ఆ పథకమూ హాహీ మొదలుపెట్టిందే.

ఈ మనిషే ఒక సూపర్‌మార్కెట్ల యజమాని దగ్గర 13 లక్షల పౌండ్లు తీసుకున్నాడు. బ్యాంకుకి పెద్ద అప్పు ఎగ్గొట్టాడు. ప్రాణస్నేహితుడి ఆపరేషన్ కోసం పోగుచేసిన చందా డబ్బులోంచి సొంతానికి వాడుకున్నాడు. ఇవి గిట్టనివాళ్ళు చెప్పిన మాటలు కావు. న్యాయమూర్తులు ఏళ్ళ తరబడి విచారించి, కాగితం మీద పెట్టినవి.

ఇలాంటి మనిషి గురించి మాట వచ్చినప్పుడు మనవాళ్ళు అనేది ఒకటుంది. "తిన్నాడు సరే, చేశాడు కూడా కదా!" అని. ఐర్లండ్‌లోనూ ఇదే మాట అనేవాళ్ళు ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. హాహీ విషయంలో ఈ లెక్క తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు ఆయన చేసినవి ఒప్పుకోవాలి. ఒప్పుకుందాం. చాలా ఉన్నాయి.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. మన వి.వి. గిరి గారు, తర్వాత రాష్ట్రపతి అయ్యారు కదా, 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లోనే లా చదివారు. యూనివర్సిటీ కాలేజీ, లాయర్లకు శిక్షణ ఇచ్చే కింగ్స్ ఇన్స్. ఐరిష్ స్వాతంత్ర్యవాదులతో కలిసి తిరిగినందుకు ఆయన్ని దేశం వదిలి పొమ్మన్నారు. 1925లో పుట్టిన హాహీ కూడా అదే కాలేజీలో కామర్స్ చదివి, అదే కింగ్స్ ఇన్స్‌లో లాయరు అయ్యాడు. ఆ కింగ్స్ ఇన్స్ భవనానికి ప్లాన్ గీసిన ఆర్కిటెక్ట్ జేమ్స్ గాండన్. హాహీ తర్వాత కొనుక్కున్న ఆబ్‌విల్ అనే భవంతికి రూపం ఇచ్చింది కూడా ఆ గాండనే. గిరి గారు చదువుకున్న భవనం లాంటిదాంట్లో ఈయన కాపురం పెట్టాడు.

పుట్టుకతో డబ్బున్నవాడు కాదు. తండ్రి స్వాతంత్ర్య పోరాటంలో తుపాకీ పట్టి, తర్వాత సైన్యంలో పనిచేసి, జబ్బుచేసి మంచాన పడ్డాడు. ఏడుగురు పిల్లలు. ఉత్తర డబ్లిన్‌లో మామూలు ఇల్లు. స్కాలర్‌షిప్ మీద కాలేజీకి వెళ్ళి, ఒక స్నేహితుడితో కలిసి అకౌంటెన్సీ ఫర్మ్ పెట్టాడు. అంటే వృత్తిరీత్యా లెక్కల మనిషి! ఇది గుర్తుపెట్టుకోండి. 1951లో షాన్ లెమాస్ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. లెమాస్ 1959లో ప్రధాని అయ్యాడు. అల్లుడు అప్పటికే, 1957లో, ఫియనా ఫాల్ పార్టీ తరఫున పార్లమెంటులో ఉన్నాడు. మామగారి అండ వల్లే పైకొచ్చాడని అనేవాళ్ళు అన్నారు గానీ, మంత్రిగా ఆయన పనితనం చూశాక ఆ మాట పెద్దగా వినబడలేదు.

1961లో న్యాయశాఖ ఇచ్చారు. అప్పటి చట్టం ప్రకారం ఐర్లండ్‌లో భర్త తన ఆస్తి మొత్తం ఎవరికైనా రాసి చనిపోవచ్చు. భార్యకి చిల్లిగవ్వ ఇవ్వకపోయినా అడిగే దిక్కు లేదు. పొలం ఏ అన్నదమ్ములకో, చర్చికో రాసేస్తే, ముప్ఫై ఏళ్ళు ఆ పొలంలో చాకిరీ చేసిన ఆవిడ వీధిన పడాల్సిందే. హాహీ హయాంలో మొదలై 1965లో పాసైన వారసత్వ చట్టం దీన్ని ఆపింది. వీలునామాలో ఏం రాసినా సరే, పిల్లలు లేకపోతే సగం, ఉంటే మూడోవంతు జీవిత భాగస్వామికి దక్కాల్సిందే. ఇది చిన్న విషయం కాదు, ముఖ్యంగా ఆడవాళ్ళకి. మరణశిక్షని చాలా నేరాలకు తీసేసిందీ అప్పుడే, 1964లో. తర్వాత ఆర్థికమంత్రిగా 1967లో పెన్షనర్లకి ఉచిత ప్రయాణం, కరెంటు బిల్లులో రాయితీ తెచ్చాడు. 1969లో రచయితలకీ చిత్రకారులకీ వాళ్ళ సృజన మీద వచ్చే ఆదాయానికి పన్ను ఎత్తేశాడు. ఇప్పుడు దానికి ఏడాదికి 50 వేల యూరోల పరిమితి ఉంది గానీ పథకం బతికే ఉంది. 1981లో కళాకారులకి గౌరవ సంఘం పెట్టించి, చేతిలో డబ్బులేనివాళ్ళకి భృతి ఏర్పాటు చేయించాడు. కవుల్ని ఆదుకున్న రాజు అంటే మనకు కొత్త కాదు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

1970లో పెద్ద గొడవ. ఉత్తర ఐర్లండ్‌లో కేథలిక్కుల మీద దాడులు జరుగుతున్నప్పుడు, అక్కడికి దొంగచాటుగా ఆయుధాలు చేరవేసే కుట్రలో ఉన్నాడని ప్రధాని జాక్ లించ్ ఈయన్ని మంత్రిపదవి నుంచి తీసేశాడు. కేసు నడిచింది, జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. ఎవరికి ఎంత తెలుసు అన్నది అక్కడ ఇప్పటికీ తేలని వాదం. అందులోకి దిగితే మనం రాత్రికి గానీ ఇళ్ళకి చేరం. (నవ్వులు) పదవి పోయాక ఆయన చేసింది మాత్రం చూడాలి. ఊరూరా తిరిగాడు. పార్టీ శాఖలు ఎక్కడ భోజనం పెడితే అక్కడికి వెళ్ళి కార్యకర్తల పక్కన కూర్చుని తిన్నాడు. 1977లో మళ్ళీ మంత్రి, 1979 డిసెంబర్‌లో జార్జ్ కోలీని 44–38 ఓట్లతో ఓడించి పార్టీ నాయకుడు, ఆ వెంటనే ప్రధాని.

ఆ రోజు పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడు గ్యారెట్ ఫిట్జెరాల్డ్ మాట్లాడుతూ, హాహీ వచ్చిన దారిలో మచ్చ ఉందన్నాడు. పైన గ్యాలరీలో హాహీ తల్లి కూర్చుని వింటోంది. ముసలి తల్లి ముందు అంత మాట అంటాడా అని జనం ఫిట్జెరాల్డ్‌నే తిట్టారు. మన దగ్గరైనా అంతే కదా.

ఇప్పుడు అసలు కథ. ఆ రోజుకి ఆ కొత్త ప్రధాని ఎలా బతుకుతున్నాడు? కిన్సీలీలో 250 ఎకరాల మధ్య ఆబ్‌విల్ భవంతి. రేసు గుర్రాలు. దక్షిణ పడమటి సముద్రంలో సొంతానికి ఒక దీవి. అంత ఖర్చుకి జీతం ఏ మూలకి? మొదట్లో కొంత భూముల లాభం ఉంది: ఊరి బయట కొన్న పొలాన్ని 1969లో ఒక బిల్డర్‌కి రెండు లక్షల పౌండ్లకు పైగా ధరకి అమ్మాడు. ఆ తర్వాతంతా అప్పు చేసి పప్పు కూడే. అలైడ్ ఐరిష్ బ్యాంకులో బాకీ ఏడాదికేడాది పెరిగింది. 1976లో బ్యాంకు అధికారులు పిలిపించి, చెక్కుబుక్కు వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. ఆ సమావేశం నోట్సు బ్యాంకు ఫైల్లో భద్రంగా ఉండి, ఇరవై ఏళ్ళ తర్వాత బయటపడింది. అప్పు తీసుకున్న మనిషి అధికారుల మీద విరుచుకుపడ్డాడు. చెక్కుబుక్కు ఇవ్వను, నేను బతకాలి కదా అన్నాడు. నాతో పెట్టుకుంటే మీకే కష్టం అనే అర్థం వచ్చేలా హెచ్చరించాడు. వాళ్ళు నోరుమూసుకుని ఊరుకున్నారు. మన ఊళ్ళో ఒక రైతు రెండు వాయిదాలు కట్టకపోతే బ్యాంకువాళ్ళు ఇంటి ముందుకు వచ్చి ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రధాని అయ్యేనాటికి ఆ బాకీ 11 లక్షల 40 వేల పౌండ్లు. 1980 జనవరి 9న ఆయన టీవీలో దేశాన్ని ఉద్దేశించి మాట్లాడాడు. మనమంతా మన స్తోమతకు మించి బతుకుతున్నాం, అప్పులు చేసి బతుకుతున్నాం, ఇలా కుదరదు అని గంభీరంగా చెప్పాడు. సరిగ్గా ఆ వారాల్లోనే బ్యాంకుతో ఆయన సొంత బాకీ బేరం జరుగుతోంది. ఏడున్నర లక్షలకి బ్యాంకు సరేనంది. అందులో మూడు లక్షలు ఇచ్చింది పాట్రిక్ గాలహర్ అనే బిల్డరు. పదేళ్ళ కిందట పొలం కొన్నాయన కొడుకే. ఇంకో లక్షా పదివేలు పరువు బాకీ కింద తర్వాత తీరుస్తానన్నాడు. తీర్చలేదు. మిగతాది బ్యాంకు రద్దు చేసింది. 1983లో సాయంత్రం వెలువడే పత్రిక ఒకటి, హాహీకి బ్యాంకులో పది లక్షల బాకీ ఉందని రాస్తే, అదంతా పచ్చి అబద్ధం అన్నట్టు ఆ బ్యాంకే ప్రకటన విడుదల చేసింది! ఖాతాదారుల విషయాలు మేం మాట్లాడం అని ఊరుకున్నా సరిపోయేది. పనిగట్టుకుని ముందుకొచ్చి అబద్ధమాడింది.

ఈ ప్రసంగంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే. దీన్ని కాస్త పక్కన పెట్టి ఆయన పాలన సంగతి చెప్పి మళ్ళీ వస్తాను.

స్తోమతకు మించొద్దని టీవీలో చెప్పాడే గానీ, 1980, 81ల్లో ప్రభుత్వ ఖర్చు తగ్గించలేదు, పెంచాడు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి మరి. 1987లో మూడోసారి ప్రధాని అయ్యేసరికి నిరుద్యోగం 17 శాతం, జాతీయ అప్పు దేశ వార్షికోత్పత్తిని మించిపోయింది, కుర్రాళ్ళు ఓడలెక్కి విమానాలెక్కి వెళ్ళిపోతున్నారు. ఆ గొయ్యి తవ్విన చేతుల్లో ఈయనవీ ఉన్నాయి. అయితే ఈసారి మాత్రం నిజంగానే పూడ్చాడు. యూనియన్లనీ, యజమానుల్నీ, రైతుల్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి 1987 అక్టోబర్‌లో ఒప్పందం కుదిర్చాడు. జీతాల పెంపులో మీరు ఓర్చుకోండి, పన్నుల్లో నేను తగ్గిస్తాను అన్నది దాని సారం. ఆర్థికమంత్రి రే మెక్‌షారీ కత్తెర పట్టాడు. ప్రతిపక్ష నాయకుడు అలన్ డ్యూక్స్ దేశం కోసం అడ్డుపడనని మాట ఇచ్చి నిలబెట్టుకున్నాడు, ఆ నిజాయితీకి తన పార్టీలోనే మూల్యం చెల్లించాడు. తర్వాతి పదేళ్ళలో ఐర్లండ్ ఎలా ఎగిసిందో మీకు తెలుసు. ఆ ఎదుగుదలకి అమెరికా కంపెనీలు, ఐరోపా నిధులు, అంతకుముందే వచ్చిన ఉచిత హైస్కూలు చదువు, అన్నీ కారణాలే. కానీ 1987 మలుపు లేకుండా అది జరిగేది కాదని ఆయనంటే గిట్టనివాళ్ళూ ఒప్పుకుంటారు. 1990లో ఐరోపా సముదాయం (ఇప్పటి ఐరోపా సమాఖ్య) అధ్యక్ష స్థానం ఐర్లండ్‌కి వచ్చినప్పుడు, జర్మనీ ఏకీకరణ మీద డబ్లిన్‌లో ప్రత్యేక శిఖరాగ్ర సమావేశం పెట్టి, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ హెల్ముట్ కోల్‌కి అండగా నిలిచాడు. బ్రిటన్ ప్రధాని థాచర్‌కి నచ్చకపోయినా.

ప్రచారం మీద కూడా యావ ఉండేది. 1987 జులైలో స్టీఫెన్ రోష్ అనే ఐరిష్ కుర్రాడు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిస్తే, పారిస్‌లో విజేత వేదిక మీద పసుపు చొక్కా కుర్రాడి పక్కన ప్రధానిగారు ప్రత్యక్షం! తొక్కింది ఆయనే అన్నంత సంతోషంగా ఉన్నాడు ఫోటోలో.

1987 ఎన్నికల్లో హాహీ పార్టీ గోడల మీద అతికించిన పోస్టర్ ఒకటి అక్కడ అందరికీ గుర్తే. ఆరోగ్యం మీద కోతలు ముసలివాళ్ళనీ రోగుల్నీ వికలాంగుల్నీ దెబ్బతీస్తాయి అని. గెలిచాక ఆయన ప్రభుత్వమే ఆసుపత్రుల్లో పడకలు మూసేసింది. 1989లో ఆయనకి ముప్ఫై ఏళ్ళుగా స్నేహితుడైన ఉపప్రధాని బ్రయన్ లెనిహన్‌కి కాలేయం దెబ్బతింది. అమెరికాలో మేయో క్లినిక్‌లో కాలేయ మార్పిడి చేయాలి. హాహీ స్వయంగా పూనుకుని చందాలు పోగుచేయించాడు. వ్యాపారులు ఇచ్చారు. దాదాపు 2 లక్షల 70 వేల పౌండ్ల దాకా వచ్చిందని తర్వాత విచారణలో తేలింది. లెనిహన్ వైద్యానికి ఖర్చయింది 70 వేలకు మించలేదు. మిగతా దాంట్లో పెద్ద వాటా హాహీ సొంత అవసరాలకి వెళ్ళింది. మరుసటి సంవత్సరం అదే లెనిహన్‌ని, కూటమి భాగస్వాములు ఒత్తిడి చేస్తే, రాష్ట్రపతి ఎన్నికల్లో తన పార్టీ అభ్యర్థి అయి ఉండగానే, మంత్రివర్గం నుంచి తీసేశాడు.

బీమా లేనివాడు ఆసుపత్రి వరండాలో పడకకోసం ఎదురుచూస్తున్న ఏడాదిలోనే ఇదంతా జరిగింది. పార్టీ నాయకుడికి ప్రభుత్వం ఇచ్చే భత్యంలోంచి పారిస్‌లో షార్వే అనే దుకాణంలో చొక్కాలు కుట్టించుకున్నాడు. చొక్కాలు చిన్న విషయమే. కానీ ఐర్లండ్‌లో జనానికి లక్షలు గుర్తుండలేదు, ఆ చొక్కాలే గుర్తుండిపోయాయి.

1992 జనవరిలో మాజీ మంత్రి షాన్ డొహర్టీ టీవీలో నోరు విప్పాడు. 1982లో ఇద్దరు జర్నలిస్టుల ఫోన్లు రహస్యంగా వింటున్న సంగతి హాహీకి తెలుసునన్నాడు. పదవి పోయింది. పోతూ పోతూ షేక్స్‌పియర్ ఒథెల్లో మాటలు చెప్పి వెళ్ళాడు, ఈ రాజ్యానికి నేనూ కొంత సేవ చేశాను అని. డబ్బు సంగతి అప్పటికీ బయటపడలేదు. అది బయటపడ్డ తీరు చూస్తే నవ్వొస్తుంది. అదే 1992 ఫిబ్రవరిలో సూపర్‌మార్కెట్ల యజమాని బెన్ డన్, ఫ్లోరిడాలో ఒక హోటల్లో కొకైన్‌తో పట్టుబడ్డాడు. తోబుట్టువులు అతన్ని వ్యాపారం నుంచి తప్పించారు. కోర్టు తగాదాలు. లెక్కలు తవ్వుతుంటే హాహీకి ఇచ్చిన డబ్బు కనబడింది. ఆదాయపన్ను శాఖ పట్టుకోలేదు, పోలీసులు పట్టుకోలేదు, పార్టీ పట్టుకోలేదు. తోబుట్టువుల ఆస్తి గొడవ పట్టించింది.

1991 నవంబర్‌లో డన్ గోల్ఫ్ ఆడి వస్తూ ఆబ్‌విల్‌లో ఆగాడు. హాహీ దిగులుగా కనబడ్డాడట. జేబులో ఉన్న మూడు బ్యాంకు డ్రాఫ్టులు, ఒక్కొక్కటి 70 వేలు, కల్పిత పేర్లతో తీసినవి, తీసి చేతిలో పెట్టాడు. హాహీ ఒక్క ముక్కలో థాంక్స్ చెప్పాడు. ఒక దేశ ప్రధాని, తన ఇంట్లో, ఒక వ్యాపారి చేతిలోంచి రెండు లక్షల పదివేలు. ఈ డబ్బుపై విచారణకు వేసిన మెక్‌క్రాకెన్ ట్రిబ్యునల్ ముందు 1997లో మొదట తీసుకోలేదన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. డబ్బు వ్యవహారాలన్నీ నా మిత్రుడు డెస్ ట్రేనర్ చూసేవాడు, నాకు తెలీదు అన్నాడు. ట్రేనర్ అప్పటికి చనిపోయాడు. కేమన్ దీవుల పేరుమీద డబ్లిన్‌లోనే దొంగ బ్యాంకులాంటిది నడిపి, పెద్దమనుషుల డబ్బు పన్నుకి దొరక్కుండా దాచిన అకౌంటెంట్ ఆయన. లెక్కల మనిషి అని గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఆ అకౌంటెంట్‌కి మొదట పని నేర్పింది హాహీ ఫర్మే.

ఆ తర్వాత మోరియార్టీ ట్రిబ్యునల్ 2006 డిసెంబర్‌లో తేల్చిన మొత్తం: 1979 నుంచి 1996 దాకా 91 లక్షల పౌండ్లు. 1988లో ఆయన ప్రధానిగా తీసుకున్న జీతానికి 171 రెట్లు.

ఇప్పుడు మొదటి మాటకి వద్దాం. తిన్నాడు, చేశాడు. ఒక పక్క వారసత్వ చట్టం, ఉచిత బస్సు, 1987 ఒప్పందం. ఇంకో పక్క 91 లక్షలు. లక్షల మంది బాగుపడ్డారు, పోయింది వ్యాపారుల డబ్బే కదా, పోనీలే అనిపిస్తుంది. ఇలా తూచేవాళ్ళు ఒక విషయం చూడరు. వితంతువుకి మూడోవంతు ఇప్పించడానికి ఎవరూ ఆయనకి కవరు ఇవ్వలేదు. బస్సు పాసుకీ ఇవ్వలేదు. తినకపోయినా ఆ పనులు చేయగలిగినవాడే. అలాంటప్పుడు ఒకదానికి ఇంకోటి ఎలా చెల్లు?

అసలు నష్టం ఆ 91 లక్షలు కూడా కాదని నేనంటాను. ఆ బ్యాంకు అధికారుల్ని గుర్తుచేసుకోండి. ప్రధాని బాకీ సంగతి తెలిసి నీళ్ళు నమిలిన బ్యాంకు, మిగతా డబ్బున్న ఖాతాదారుల్ని మాత్రం ఏం అడుగుతుంది? 1980లలో ఐర్లండ్‌లో జీతగాడికి పన్ను ముందే కోసేసేవాళ్ళు. ఉన్నవాళ్ళేమో విదేశీ చిరునామాలు పెట్టి దొంగ ఖాతాలు తెరిచి వడ్డీ మీద పన్ను ఎగ్గొట్టారు. బ్యాంకులే దగ్గరుండి తెరిపించాయి. తర్వాత పార్లమెంటు కమిటీ తవ్వితే అది దేశమంతా పాకిన వ్యవహారమని బయటపడింది. ఇదంతా హాహీ ఒక్కడి వల్లే అనను. కానీ పైనున్నవాడి ఫైలే అలా ఉంటే కిందివాళ్ళ ఫైలు తెరిచే ధైర్యం ఏ ఇన్‌స్పెక్టర్‌కి వస్తుంది?

నా మాటలు అయిపోయాయి. ప్రశ్నలుంటే అడగండి.

(డబ్బు ఊరికే ఇచ్చారా, ప్రతిఫలంగా పనులు చేసిపెట్టాడా అని ఒకరు అడిగారు.)

మంచి ప్రశ్న. అడిగి లంచం తీసుకున్నట్టు చాలా వాటిలో రుజువు కాలేదు. కొన్నిట్లో అయింది. బెన్ డన్ కుటుంబ ట్రస్టు పన్ను గొడవలో ఉన్నప్పుడు, హాహీ అతనికి పన్నుల శాఖ అధిపతితో సమావేశం ఏర్పాటు చేశాడని, దానివల్ల డన్‌కి మేలు జరిగిందని మోరియార్టీ తేల్చాడు. సౌదీకి చెందిన మహమూద్ ఫుస్తోక్ అనే ఆయన దగ్గర 50 వేల పౌండ్లు వచ్చాయి. గుర్రం కొన్నందుకు అని చెప్పారు. న్యాయమూర్తి నమ్మలేదు. ఫుస్తోక్ బంధువులకి ఐరిష్ పౌరసత్వం ఇప్పించడానికీ ఆ డబ్బుకీ సంబంధం ఉందన్నాడు.

(జైలుకి ఎందుకు వెళ్ళలేదని ఇంకొకరు.)

ట్రిబ్యునల్‌కి ఆటంకం కలిగించాడని కేసు పెట్టారు. 2000లో ఉపప్రధాని మేరీ హార్నీ, ఈయన జైలుకి పోవాల్సిందే అని పత్రికకి చెప్పింది. ఇక నిష్పక్షపాతమైన జ్యూరీ దొరకడం కష్టమని న్యాయమూర్తి విచారణని నిరవధికంగా వాయిదా వేశాడు. పన్ను బకాయిల కింద 60 లక్షల యూరోలకు పైగా కట్టాడు. అందుకోసమే 2003లో ఆబ్‌విల్‌ని బిల్డర్లకి సుమారు నాలుగున్నర కోట్ల యూరోలకి అమ్మాడు. ఆ బిల్డర్లు తర్వాత దివాలా తీశారు, 2013లో అదే ఇల్లు 55 లక్షలకి ఒక జపాన్ కుటుంబానికి పోయింది.

(పార్టీలో ఎవరూ ఎదురుతిరగలేదా?)

తిరిగారు. 1982 అక్టోబర్‌లో అవిశ్వాసం పెట్టారు. రహస్య ఓటు వద్దు, పేరు పిలిస్తే లేచి చెప్పండి అన్నారు. 58–22తో హాహీ గెలిచాడు. ఎదిరించిన డెస్ ఒమాలీని 1985లో బహిష్కరించారు, ఆయన వేరే పార్టీ పెట్టుకున్నాడు. అణిగిమణిగి ఉన్నవాళ్ళు ఎదిగారు. బర్టీ అహర్న్ అనే యువకుడు పార్టీ ఖాతాకి రెండో సంతకందారు. చొక్కాల డబ్బు, ఖరీదైన రెస్టారెంట్ బిల్లులు వెళ్ళిన ఖాతా అదే. ఏం రాయాలో చూడకుండా ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు చేసి ఇచ్చేవాడు. పని సులువు కావడానికి అలా చేశానని విచారణలో చెప్పాడు. 2006 జూన్‌లో హాహీ చనిపోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించి, సమాధి దగ్గర నిలబడి ఘనంగా నివాళి ప్రసంగం చేసింది అప్పటి ప్రధాని. ఆ ప్రధాని అహర్నే. ఆర్నెల్ల తర్వాత వచ్చిన మోరియార్టీ నివేదిక ఆ ఖాళీ చెక్కుల అలవాటుని తప్పుపట్టింది. 2008లో, తన సొంత డబ్బు లెక్కలు ఇంకో ట్రిబ్యునల్‌కి చెప్పుకోలేక అహర్న్ కూడా పదవి నుంచి దిగిపోయాడు.